నవ్వుల మాస్టారి మాస్కు

“మీరు మాస్కు తియ్యకపోతే రేపట్నుంచి నేను రాను మాస్టారూ,” అంది వైద్యానికొచ్చిన టీచరమ్మ, నోరు సరిగా తిరగని మాటలతో.

నవ్వుల మాస్టారు తల అడ్డంగా ఊపారు. ఆ ఫిజియోథెరపిస్టుకు ఆసుపత్రిలో అందరూ పెట్టుకున్న పేరది. మూతి వంకరపోయినవాళ్లకు ఎదురుగా కూర్చుని, తన ముఖంతో చేసి చూపించి, ఎందరికో నవ్వు తిరిగి తెప్పించిన మనిషి. ఇప్పుడు ఆ ముఖమే కనపడదు. మాస్కు, పెద్ద కళ్లద్దాలు, ఆ పైన షీల్డు.

గుమ్మం పక్కన కూర్చున్న సర్వే అమ్మాయికి ఇబ్బందిగా అనిపించింది. ఈ మహమ్మారి రోజుల్లో రక్షణ కిట్ల మీద ఫిజియోథెరపిస్టుల మనసులో ఏముందో కొలవడం ఆమె పని. ఒక్కో మాట చదివితే, ఎంత ఒప్పుకుంటారో ఐదు మార్కులకు చెప్పాలి. పొద్దున్నుంచి అందరూ ఆమె మీద పడి గోల పెట్టారు. చెమటలట, ఊపిరాడదట, రోగిని నడిపించేలోపు తామే కూలబడేలా ఉన్నారట. ఒకటీ రెండూ దాటి ఎవరూ ఇవ్వలేదు.

ఈయనొక్కరే అన్నిటికీ ఐదు. టీ కూడా స్టోరు గదిలో తలుపేసుకుని స్ట్రాతో తాగుతారట. ముక్కు మూసుకుని తపస్సు చేస్తున్నాడని తోటివాళ్లు నవ్వారు గానీ, ఆమెకు మాత్రం ముచ్చటేసింది. కళ్లద్దాల వెనక ఆయన ఒక కన్ను నీళ్లు కారుతోంది. పాపం, ఆవిరికి కూడా ఓర్చుకుంటున్నారు అనుకుంది.

టీచరమ్మ గోడు వేరు. పిల్లలకు ఫోన్లో పాఠం చెప్పబోతే తెరమీద తన వంకర మూతే కనిపించి, పాఠాలే మానేసింది. ఈయనేమో పెదవి సాగదీయమంటారు, బుగ్గ పూరించమంటారు. ఎలాగో చూపించరు. అద్దంలో తనను తానే చూసుకుని చూసుకుని ఆమెకు విసుగొచ్చింది. ఇక బాగుపడనేమోనన్న దిగులూ పట్టుకుంది.

“చూడకుండా నేర్చుకోవడం నావల్ల కాదు,” అని సంచీ తీసుకుని లేచింది.

సర్వే అమ్మాయి మెల్లగా ఆఖరి మాట చదివింది. “రోగి ఎంత బతిమాలినా నేను మాస్కు తీయను. దీనికెంత సార్?”

ఆయన గుమ్మం వైపు నడుస్తున్న టీచరమ్మను చూశారు. ఆమె వెళితే మళ్లీ రాదని ఆయనకు తెలుసు.

“కాసేపాగమ్మా,” అన్నారు. ఎవరికి చెప్పారో తెలియలేదు. గబగబా వరండాలోకి వెళ్లి, కిటికీ అద్దం తలుపు బయటినుంచి మూసి, దాని ముందు నిలబడ్డారు. షీల్డు తీశారు. కళ్లద్దాలు తీశారు. కొంచెం తటపటాయించి మాస్కు కూడా తీశారు.

టీచరమ్మ కిటికీ దగ్గరకు వచ్చింది. ఆయన్ని చూసి, సంచీ కింద పెట్టేసింది.

అద్దం అవతల్నుంచి ఆయన గొంతు పెంచి అన్నారు. “మూతి వంకరపోయిన మాస్టారి దగ్గరికి ఎవరొస్తారని దాచాను టీచరమ్మా. రండి, మనిద్దరిలో ఎవరు ముందు నవ్వుతారో చూద్దాం.”