ఐదో కప్పు

"రుచి చూసే నోట్లో నెత్తురా!" యజమాని దంతవైద్యుడి రిపోర్టు తెచ్చి టీ కప్పుల పక్కన పడేశాడు. "బ్రష్ చేస్తే చిగుళ్ళు కారుతున్నాయటగా అమ్మాయ్? విటమిన్ సి లోపమట. ఇక నీ నోటిని నమ్మి టీపొడి ఎలా అమ్మను?"

టీ రుచి చూసే ఈ ఉద్యోగమంటే అమ్మాయికి ప్రాణం. నాలుక పాడవుతుందని కారంతో పాటు పులుపూ మానేసింది. నిమ్మ, నారింజ ముట్టి ఏడాదైంది. ఆ అతిజాగ్రత్తే కొంప ముంచింది. వైద్యుడు ఫ్యాక్టరీకి వచ్చిన రోజు ఆమెకు పని నేర్పే మాస్టారు సెలవులో ఉండబట్టి ఆమె ఒక్కతే దొరికిపోయింది.

"చిగుళ్ళు వేరు, నాలుక వేరండీ," అన్నారు మాస్టారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలో ఆయన మాటే చెల్లుతోంది. "పళ్ళు తింటే చిగుళ్ళు సర్దుకుంటాయి. నాలుకను చంపేది బి12 లోపం. అద్దంలా నున్నబడి మండుతుంది, రుచే తెలీదు. దానికైతే నెలల తరబడి ఇంజెక్షన్లు. అమ్మాయికి అది లేదు."

"అదీ తేల్చేద్దాం! ఈ ఏడు కప్పుల్లో ఒకదాంట్లో పాత ఆకు కలిపించాను. అదేదో పట్టుకుంటే సరి. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు." నంబరు రాసిన చీటీ యజమాని పిడికిట్లో ఉంది.

"ముందు నువ్వు చెప్పమ్మా," అన్నారు మాస్టారు. మూడు నెలలుగా ప్రతి కప్పుకీ ఇదే వరస. పని నేర్పే వంకతో వేపుకు తింటున్నారని ఆమెకు లోలోపల ఉక్రోషం.

చెంచాతో జుర్రుమని పీల్చింది, పుక్కిలించి తొట్టిలో ఉమ్మింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో కప్పు దగ్గర ఆగి మళ్ళీ పీల్చింది. మిగతా రెండూ గబగబా చూసేసి వెనక్కొచ్చింది.

"ఐదు! వగరు చచ్చిపోయింది."

"ఐదా? అది మొన్న దిగిన సరుకు కదూ!" యజమాని నవ్వాడు. "మాస్టారూ, మీరు చెప్పండి."

మాస్టారు ఐదో కప్పు జుర్రి కళ్ళు మూసుకున్నారు. అమ్మాయి యజమాని పిడికిలి వైపే చూసింది.

"ఐదే. కాకపోతే నా ఉద్యోగం కూడా తీసేయండి."

యజమాని చీటీ విప్పాడు. ఐదు!

అమ్మాయి ఎగిరి గంతేసింది. యజమాని చప్పట్లు కొట్టాడు. "ఇద్దరివీ నాలుకలు కావు, త్రాసులు! నువ్వు వెళ్ళి నారింజలు తిను, ముందు!"

"మీరు రుచి చూసి చెప్పకపోతే ఈ రోజుతో నా పని అయిపోయేది మాస్టారూ!" అందామె, కళ్ళు తుడుచుకుంటూ.

మాస్టారు ఎడమ జబ్బ మీద సూది గుచ్చిన చోట రుద్దుకుంటూ నవ్వారు.

మూడు నెలలుగా ఆయన నాలుకకు అన్ని టీలూ వేణ్ణీళ్ళే.