బస పుస్తకం

"కాలి బొబ్బలు తగ్గాయా, ఓపల్?" అంటూ అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

నీళ్ళు పడుతున్న సీసా జారి ఊటలో పడింది. ఆ ఎర్రటోపీ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"నా పేరు మీకెలా తెలుసు?"

"ఇవాళ ఏడు మైళ్ళే నడుస్తానన్నావు. ఈ ఊట దగ్గర ఆగుతానన్నావు. అత్త బాగా వెనకబడుతోందనీ నువ్వే రాశావుగా."

కుడిచేత్తో కత్తి తెరిచాడు.

అమెరికా కొండల్లో నెలల తరబడి నడిచే ఈ అపలాచియన్ దారిలో, రాత్రి పడుకునే ప్రతి బసలోనూ నడిచేవాళ్ళు రాసిపోయే నోటుపుస్తకం ఉంటుంది. మనుషులతో మాట్లాడాలంటే బిడియపడే నేను వాటన్నిటిలో పేజీలకు పేజీలు రాశాను.

మేవిస్ అత్త వచ్చిన చప్పుడే కాలేదు. ఆమె చేతికర్ర అతని మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన శబ్దం వినబడింది. జారిపడిన కత్తి కోసం అతను వంగితే రెండో దెబ్బ మూతి మీద వేసింది. రక్తం, పళ్ళు కలిపి ఉమ్ముకుంటూ అతను అడవిలోకి పరిగెత్తాడు.

"వెనకబడ్డానా నేను?" అంది అత్త ఒగరుస్తూ.

తరువాతి బసలో నేను పుస్తకం ముట్టుకోలేదు.

"ఇంక రాయనత్తా. వాణ్ణి నేనే పిలిచినట్టయింది."

"పోలీసులున్న ఊరు రెండు రోజుల దారి. మన వెనక ఇద్దరు ఆడపిల్లలు వస్తున్నారు," అని అత్త పెన్సిలు నా ఒళ్ళో పడేసింది. "రాయి. ఎర్రటోపీ, విరిగిన కుడిచెయ్యి, ఊడిన పళ్ళు. మనం రేపు ఎక్కడ పడుకుంటామో మాత్రం రాయకు."

నా అక్షరాలు చీమల్లా ఉంటాయని బళ్ళో తిట్టేవారు. ఇవాళ పేజీ మొత్తానికి పది మాటలే పట్టాయి.