చదవనివాళ్ల జాబితా

"మనం ఉత్తరాలు పంపేది మనుషులకా, శ్మశానానికా?" అన్నాడు గ్లెన్ హాగెన్.



డులూత్‌లో హాగెన్ విత్తనాల కొట్టు తరఫున ఆరేళ్లుగా ప్రతి గురువారం ఈమెయిల్ ఉత్తరం రాసేది మారెన్. వందమందికి పంపితే తెరిచేవాళ్లు ఇరవైమంది. మార్చిలోగా అది నలభై కాకపోతే ఈ పని మినియాపొలిస్‌లో ఎవరికో అప్పజెప్పేస్తానని గ్లెన్ తెగేసి చెప్పాడు.

"అసలు చివర ఈ నాలుగు ముక్కలెందుకు? టమాటా ఆకు నలిపితే ఏం వాసనొస్తుందో ఎవడిక్కావాలి? బొమ్మలు పెట్టు. పెద్దవి."

ఆ నాలుగు ముక్కలంటే మారెన్‌కు ప్రాణం. అయినా తీసేసింది. అద్దె కట్టాల్సినవాళ్లు ఇంకేం చేస్తారు!

తర్వాత, ఏడాదిగా ఒక్క ఉత్తరమూ తెరవనివాళ్ల జాబితా తీసింది. రెండువేల మందిలో వెయ్యిమంది తేలారు.

వాళ్లకు ఆఖరిసారిగా ఒకే ఒక్క బొమ్మ పంపింది. ఎర్రటి టమాటా, దానిమీద ఆకుపచ్చ బటన్. 'ఇంకా మా ఉత్తరాలు కావాలా? ఇక్కడ నొక్కండి.'

వారం చూసి, నొక్కనివాళ్లందరి పేర్లూ కొట్టేసింది.

ఆ గురువారానికి లెక్క నలభై ఒకటికి చేరింది. గ్లెన్ భుజం తట్టి, కాఫీ కూడా తనే తెచ్చిచ్చాడు.

మర్నాడు ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నా పేరు ఆల్డెన్ ఫిస్క్. టూ హార్బర్స్ నుంచి. నిన్న ఉత్తరం రాలేదు."

మారెన్ జాబితాలో ఆ పేరు వెతికింది. "మీరు ఏడాదిగా ఒక్కటీ తెరవలేదండీ. అందుకే ఆపేశాం."

"తెరవకపోవడమేమిటి? ఒక్కటీ వదల్లేదు!"

"మా లెక్కలో అలా లేదండీ."

చదివారో లేదో పసిగట్టడానికి ఉత్తరంలో చుక్కంత బొమ్మ ఒకటి దాచిపెడతారు. అవతలివాళ్ల కంప్యూటర్‌లోకి అది దిగితేనే చదివినట్టు. బొమ్మలు దింపుకోనివాళ్లు అక్షరం పొల్లుపోకుండా చదివినా చదవనట్టే లెక్క. ఇదంతా మారెన్‌కు తెలుసు. నలభై ఒకటి వచ్చిన సంబరంలో తలచుకోలేదు, అంతే.

"మరి, కావాలంటే బటన్ నొక్కమన్నాం కదండీ?" అంది.

"ఆ వచ్చినదాంట్లో ఏమీ లేదు తల్లీ. ఖాళీ."

"ఖాళీయా! గుమ్మడికాయంత టమాటా పెడితేనూ!"

అవతల చిన్నగా నవ్వు. "అలాగా. ఎలా ఉందేమిటి?"

"టమాటా టమాటాలాగే ఉంటుంది కదండీ" అంది మారెన్ విసుగ్గా.

"సరేలే. మళ్లీ నా పేరు చేర్చుకుందూ."

"వెబ్‌సైట్‌లో మీరే చేరాలి. నిమిషం పని."

"చూశాను. బొమ్మల్లో బస్సులెక్కడున్నాయో చూపించమంటోంది. నావల్ల కాలేదు."

"అయ్యో, అది ఆరేళ్ల పిల్లలు కూడా చేసేస్తారండీ!"

పక్క బల్ల దగ్గరవాళ్లు కిసుక్కున నవ్వారు.

"చేస్తారు, చేస్తారు" అన్నాడు ఆల్డెన్. "చివర నాలుగు ముక్కలుండేవి. ఈమధ్య రావడం లేదు. రాసే అమ్మాయి మానేసిందా?" అన్నాడు.

మారెన్ తలెత్తింది. నేనే అని చెబితే, ఎందుకు తీసేశావని అడుగుతాడు. గ్లెన్ అటే చూస్తున్నాడు.

"మానేసిందండీ."

"అయ్యో. బాగా రాసేది. కనబడితే చెప్పమ్మా" అని పెట్టేశాడు.

ఏప్రిల్ వచ్చింది. తెరిచేవాళ్లు పెరిగారు, కొనేవాళ్లు తగ్గారు. ఏటా తప్పకుండా కొనే అరవైమంది ఈసారి అజాపజా లేరు.

పాత ఆర్డర్లు తిరగేసింది మారెన్. 'మా గురించి ఎవరు చెప్పారు?' అన్నచోట అరవైమందీ ఒకే పేరు రాశారు.

ఆల్డెన్ ఫిస్క్.

"ఎవరీయన? వెళ్లి పట్టుకో!" అన్నాడు గ్లెన్.

చెప్పకపోయినా వెళ్లేదే. ఆ రాత్రే చివరి నాలుగు ముక్కలూ మళ్లీ రాసింది. మంచి కాగితం మీద, అంచున పువ్వులతో అచ్చు వేయించింది. మర్నాడు సరస్సు వెంట అరగంట కారు నడిపి, టూ హార్బర్స్‌లో ఆయన ఇంటి తలుపు తట్టింది.

తీసింది ఆయన అక్క అడీల్. డెబ్బై దాటి ఉంటాయి.

"హాగెన్ విత్తనాల కొట్టు నుంచి వచ్చానండీ. ఆల్డెన్ గారున్నారా?"

"పోయి పదిరోజులైందమ్మా."

మారెన్ చేతిలోని కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

"ఆస్పత్రిలో కూడా గురువారమొస్తే చాలు, ఉత్తరమొచ్చిందా అక్కా అనేవాడు. రేపొస్తుందిలే అనేదాన్ని."

"అది రాసేది నేనేనండీ" అంది మారెన్, ఏడుపు ఆపుకోలేక. "మానేయలేదు. ఆయనకు అబద్ధం చెప్పాను."

అడీల్ తిట్టలేదు. లోపలికి రమ్మంది.

"మీ దగ్గర కొనే అరవైమందీ వాడి శిష్యులే. ముప్పై ఏళ్లు బళ్లో తోటపని నేర్పాడు. మీ ఉత్తరం రాగానే అందరికీ పంపేవాడు."

"మరి ఫోన్ చేసినప్పుడు నాకెందుకు చెప్పలేదండీ, ఒక్క మాట?"

"తన సంగతి చెప్పుకుంటే జాలిపడి పని చేసిపెడతారని వాడికి ఒళ్లుమంట."

జాలెందుకో మారెన్‌కు అర్థం కాలేదు. అడీల్ ఆమెను పెరట్లోకి తీసుకెళ్లింది.

కరుగుతున్న మంచులో నిరుడు పాతిన మొక్కల పేరు చెక్కలు వరసగా ఉన్నాయి. మారెన్ వంగి చూసింది. దేనిమీదా పేరు లేదు. చేత్తో మంచు తుడిస్తే వేళ్లకు బుడిపెలు తగిలాయి, ఆవగింజలంత చుక్కలు.

"ఏ బళ్లో నేర్పేవారండీ?" అంది నెమ్మదిగా.

"చూపులేని పిల్లల బడి. వాడికీ పుట్టుకతోనే లేదు. ఉత్తరాలు కంప్యూటర్ చదువుతుంటే వినేవాడు. బొమ్మ రాగానే అది నోరు మూసుకునేదట, మీ చివరి నాలుగు ముక్కల దగ్గరే వాడికి తోట కనబడేదట."