ముక్కు లేని మంత్రగత్తె

"ముక్కు పెట్టాల్సిందే" అన్నాడు డైరెక్టర్ భానుప్రకాశ్, వంకర తిరిగిన రబ్బరు ముక్కొకటి సుహాసిని చేతిలో పెడుతూ.

సుహాసిని దాన్ని మేకప్ పెట్టెలో పడేసింది. ఈ సినిమా కథ రాసింది ఆమే. "పిల్లల సినిమాల్లో మంత్రగత్తెకు అందరూ ఇదే ముక్కు పెట్టారు సార్. మన సినిమాలో ఆమె ఏ పాపం ఎరగదు. ఊరే నింద వేస్తుంది. ఈ ముక్కు పెడితే చూసేవాళ్లు కూడా ఊరి పక్షమే అవుతారు."

"ముక్కు లేకపోతే మామూలు ముసలామె. ఎవరు చూస్తారు?"

"ఒక్క టేక్ ఇలాగే తీయండి. నచ్చకపోతే టైటిల్స్‌లో నా పేరు తీసేయండి."

భానుప్రకాశ్ ఎండవైపు చూశాడు. రాజోలి కోటగోడ నీడ అప్పటికే బెత్తెడయింది. "ఒక్కటే" అన్నాడు.

గోడవారన కూర్చున్న తిమ్మమ్మ దగ్గరికి సుహాసిని పరుగెత్తింది. డెబ్బై దాటిన ఆ ముసలామెను ఊళ్లో చూసి, తనే పట్టుబట్టి ఈ వేషానికి తెచ్చింది. సుహాసినిది గద్వాల. తిమ్మమ్మతో ఇంటి యాసలోనే మాట్లాడుతుంది.

"అవ్వా, గీ ఒక్కసారి జర మనసువెట్టి చెయ్యి. కట్టెలు వట్టుకొని జనం మీదికొస్తరు. నువ్వు భయపడాలె."

"జనం మీదికొస్తే ఎట్లుంటదో నాకు తెల్వదా బిడ్డా" అంది తిమ్మమ్మ.

కెమెరా తిరిగింది. ఆడా మగా ఇరవై మంది కేకలు వేస్తూ చుట్టుముట్టారు. రాసిచ్చిన మాటలు ఒక్కటీ తిమ్మమ్మ చెప్పలేదు. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నాకేం తెల్వదక్కా. నీ కొడుకు జరమొచ్చి సచ్చిండు, నేనేం జెయ్యలే. వద్దు... నోట్లె చెయ్యి వెట్టకుండ్రి. ఇంట్ల నా బిడ్డ పాలకేడుస్తుంది. జర ఇడువుండ్రి."

కట్టెలెత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. కట్ చెప్పడం కూడా మరిచిపోయాడు భానుప్రకాశ్. కాసేపటికి తేరుకుని, "ముక్కు అక్కర్లేదు" అన్నాడు మెల్లగా.

సుహాసిని మాటే నెగ్గింది. కానీ ఆమెకు సంతోషం రాలేదు. తిమ్మమ్మ ఇంకా మోకాళ్ల మీదే ఉంది. ఆమెకు నీళ్లు తాగించి పక్కనే కూర్చుంది. ఒక్క టేక్ కోసం ముసలామె పాత పుండు కెలికాననుకుంది.

"తప్పయింది అవ్వా. నిన్ను గంత బాధ వెట్టినోళ్లు ఇంకా గీ ఊళ్లెనే ఉన్నరా?"

తిమ్మమ్మ గ్లాసు కింద పెట్టింది. తల ఎత్తలేదు.

"నన్నెవరేమన్నరు బిడ్డా? గవి మా తోడికోడలు మాటలు. మంత్రాలు సదవొద్దని ఊరోళ్లు నోట్లె పండ్లు పీకుతుంటే ఆమె తల కదలకుండ వట్టుకున్నది నేనే."