ఐసు ట్రే ఖాళీ

“మళ్ళీ ఖాళీ,” అంది జెమీమా, ఫ్రీజర్‌లోంచి ఐసు ట్రే తీసి భర్త ముందు బోర్లిస్తూ. “పొద్దున నేనే నింపాను. ఇంత ఐసు దేనికండీ మీకు?”

“నములుతున్నాను,” అన్నాడు యోనా.

“మార్చి చలిలో, హీటింగ్ వేసుకుని, ఐసు నములుతున్నారా?”

అతను చెప్పింది నిజమే. చెప్పాక అతనికే నమ్మబుద్ధి కాలేదు. రెండు నెలలుగా ఐసు కనిపిస్తే చాలు, చెయ్యి ఆగడం లేదు. క్లాండాల్కిన్ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే యాభై తొమ్మిదేళ్ళ మనిషి దొంగచాటుగా ఐసు కొరుక్కు తింటున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. జెమీమా నవ్వలేదు. బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో ఇరవై ఏళ్ళుగా నర్సు ఆమె. మనుషులు చెప్పేదొకటి, చేసేదొకటి అని రోజూ చూస్తూనే ఉంటుంది.

“ఐసు గ్లాసులోకి పోతోంది. దాని మీద ఇంకేదో పోస్తున్నారు,” అంది.

యోనా ఒంటికాలి మీద లేచాడు. తాగి తాగి పోయిన తండ్రిని చూసినవాడు. బాపట్లలో బాప్తిస్మం తీసుకున్న రోజున, చుక్క ముట్టనని పదిమంది ముందు ప్రమాణం చేసినవాడు. ఈ చలిదేశానికొచ్చాక తోటివాళ్ళు పబ్‌కి లాక్కెళ్ళినా నారింజ రసం పట్టుకుని కూర్చున్నాడు. వచ్చే నెలలో తెలుగు సంఘానికి పెద్దగా నిలబెడతామని పాస్టరు గారు చెప్పారు. యోనాకు ఉన్న ఆస్తల్లా ఆ మంచి పేరే.

ఆ రోజు నుంచి ఇంట్లో నిఘా మొదలైంది. మెట్లెక్కి ఆయాసపడితే ఆమె గడియారం చూసేది. డ్యూటీ నుంచి వచ్చి సోఫాలో వాలగానే దగ్గరికొచ్చి కింది కనురెప్ప లాగి చూసేది, కళ్ళు ఎర్రబడ్డాయేమోనని. చేతులు పట్టుకుని గోళ్ళు నొక్కేది, వణుకుతున్నాయేమోనని. ఒకరోజైతే ఫ్లష్ చెయ్యకముందే బాత్రూమ్‌లోకి తోసుకొచ్చింది. సీసా ఎక్కడ దాచారో చూడాలట.

నోరు వాసన చూడమని అతను ఎన్నోసార్లు అడిగాడు. ఆ పని మాత్రం చెయ్యలేదు. పుదీనా బిళ్ళలు ఎందుకు కనిపెట్టారనుకున్నారు అని ఎదురు ప్రశ్న వేసింది.

కాలేజీలో చదువుతున్న కూతురు ఫెబికి తల్లి తీరు నచ్చలేదు. “మామ్, లీవ్ హిమ్ అలోన్. హీ ఈజ్ గ్రాండ్,” అంది.

బాగానే ఉన్నాననడానికి ఇక్కడివాళ్ళు వాడే ఆ గ్రాండ్ యోనాకూ ఊతపదమే. తమ ఫ్యామిలీ డాక్టర్, అదే జీపీ, గడప తొక్కి ఎనిమిదేళ్ళయింది. పేగు పరీక్షకు మలం నమూనా పంపమని పోస్టులో వచ్చిన డబ్బా విప్పకుండానే వంటింటి అల్మారాలో పడి ఉంది. అన్నయ్య ఒక్క పరీక్షకని ఆస్పత్రికి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు, అందుకని తనకు పరీక్షల పేరెత్తితేనే గిట్టదు. ఏడాదిగా జెమీమా బతిమాలింది, పోట్లాడింది, ఏడ్చింది. ఇప్పుడామెకు ఆ ఊసే లేదు. పట్టింది సీసా దయ్యం.

శనివారం ఆమె చల్లగా చెప్పింది, రేపు ఆరాధన అయ్యాక పాస్టరు గారితో మాట్లాడతానని.

“ఏం చూసి మాట్లాడతావు? సాక్ష్యమేదీ?” అన్నాడు యోనా.

“మనిషి అబద్ధమాడతాడండీ. రక్తం ఆడదు.”

“అయితే రక్తమే చూపిస్తాను. అప్పటిదాకా నోరు మూసుకో,” అన్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

సోమవారం తనంతట తానే వెళ్ళి జీపీ ముందు చొక్కా చెయ్యి మడిచాడు. తాగుడు జాడ తేల్చే పరీక్షలన్నీ చెయ్యమన్నాడు. డాక్టర్ నీవ్ అతని పాలిపోయిన మొహాన్నీ, మధ్యలో గుంటపడి స్పూనులా లేచిన గోళ్ళనీ చూసింది. అన్నీ చేస్తానంది.

మద్యం జాడ ఏమీ లేదు. ఒంట్లో ఐరన్ నిల్వలు మాత్రం అడుగంటిపోయాయి. ఐసు మీద పిచ్చి, ఆయాసం, నీరసం అన్నీ దానివేనని ఆమె వివరించింది. అన్నం తిన్న వెంటనే కడుపునిండా టీ తాగితే తిన్న ఐరన్ ఒంటికి పట్టదని, మోకాళ్ళ నొప్పికి అతను మింగే మాత్రలు కడుపులో పుండు చేస్తాయని కూడా చెప్పింది. “కానీ మీ వయసు మగవాడికి ఇంతగా పడిపోయిందంటే లోపల ఎక్కడో రక్తం కారుతూ ఉండవచ్చు. కారణం వెతకకుండా మాత్రలిచ్చి పంపను,” అంది.

ఆస్పత్రిలో కెమెరా వేసి చూస్తే పెద్దపేగులో గడ్డ దొరికింది. తీసేశారు. ఇంకో ఏడాది ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్ళమని సర్జన్ దాచకుండా చెప్పాడు.

ఇంటికొచ్చిన యోనా ప్రాణం దక్కినందుకు దేవునికి స్తోత్రం చెప్పాడు. భార్యతో మాత్రం సరిగ్గా మాట్లాడలేదు. తప్పయిపోయిందని ఒప్పుకోమన్నాడు. ఆమె వాదించకుండా తలవంచి ఒప్పుకుంది. అయినా అతని కడుపుమంట చల్లారలేదు. ఇన్నేళ్ళు పక్కన ఉండి తనను తాగుబోతు అనుకుందే అన్న బాధ కోత కంటే ఎక్కువగా సలిపింది. ఇక ఈ మనిషిని మునుపటిలా చూడలేను అనుకున్నాడు.

నెల తిరిగాక మళ్ళీ రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు, జీపీ ఆఫీసు కౌంటర్‌లో అమ్మాయి మాటల్లో మాటగా, మీ భార్య మీ గురించి డాక్టర్‌కి ఉత్తరం ఇచ్చి వెళ్ళారు కదా అంది. యోనాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో పరువు తీసింది చాలక ఇక్కడా తీసిందన్నమాట.

ఏం రాసిందో చూడాలని డాక్టర్‌ని నిలదీశాడు. అంతా అయ్యాక మీరు అడిగితే చూపించమని మీ ఆవిడే చెప్పారంటూ డాక్టర్ నీవ్ ఫైల్లోంచి కాగితం తీసి అతని ముందు పెట్టింది. తేదీ ఫిబ్రవరి ఇరవై. ఐసు ట్రే గొడవకు రెండు వారాల ముందు.

“మా ఆయన చుక్క ముట్టరు డాక్టర్, కానీ తాగుతున్నారని నింద వేస్తే తప్ప మీ దగ్గరికి రారు.”