తుమ్మ చెక్కల కరెంటు

“పుల్ల గీసి పైపు మూతికి పెట్టు బిడ్డా, భయపడకు” అన్నాడు మీరా సాహెబ్.

ఫిర్దోస్ అగ్గిపుల్ల గీసి పెట్టింది. నీలం మంట లేచింది. డ్రమ్ములో కాలుతున్న తుమ్మ చెక్కల నుంచి గ్యాస్ వస్తోందన్నమాట. ఆయన మంట ఆర్పి, పైపును జనరేటరుకు బిగించి, తాడు లాగాడు. రెండో లాగుకే ఇంజను అందుకుంది. పైన కట్టిన నాలుగు బల్బులూ వెలిగాయి.

హనుమకొండ కాలేజీ మైదానంలో ప్రదర్శన చూడవచ్చిన జనం చప్పట్లు కొట్టారు. ఫిర్దోస్ తల ఎత్తలేదు.

ఇంటి దగ్గరా ఇలాగే మొదలయ్యేది. పది నిమిషాలకు దగ్గి ఆగిపోయేది. ఊళ్లో పిల్లలు కూడా తన తండ్రిని ‘పొగ సాహెబ్’ అని పిలుస్తుంటే ఆమెకు బడికి వెళ్లాలనిపించేది కాదు. చెక్కల్లో తడే కారణమని ఆయన ఈసారి పదిహేను రోజులు డాబా మీద ఎండబోశాడు. ఫిర్దోస్‌కు నమ్మకం కుదరలేదు. ఇంతమందిలో తండ్రి నవ్వులపాలైతే చూడలేననుకుంది. అందుకే పొద్దున ఆయన చాయ్‌కి వెళ్లగానే, నాలుగేళ్లుగా పెట్రోలు ఎరుగని జనరేటరు ట్యాంకులో లీటరు పోసింది. ట్యాంకు కింద తుప్పుపట్టిన పెట్రోలు నల్లాను బలవంతంగా తిప్పింది.

గంట దాటింది. రెండు గంటలు కావస్తోంది. ఇంజను ఆగలేదు.

“ఏందే సాహెబ్, ఇయ్యాల నీ ముసల్ది దగ్గుతలేదు! ఏం మందు తాపినవ్?” అన్నాడు వాళ్ల ఊరి కట్టయ్య.

“ఎండ తాపిన కట్టన్నా, వట్టి ఎండ!” మీరా సాహెబ్ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఫిర్దోస్ చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఎంపిక చేసే అధికారి నిర్మల మేడం కాగితాలతో వచ్చింది.

“సాహెబ్ గారూ, ఈసారి మీదే తీసుకుంటున్నాం. మీ ఊరి దవాఖానలో పెడతాం. కరెంటు పోయినప్పుడల్లా టీకాల ఫ్రిజ్ ఆగిపోతోంది. పసిపిల్లల సంగతి. నమ్మొచ్చు కదా?”

“నా మాటెందుకు మేడం? నా బిడ్డను అడుగుండ్రి. చచ్చినా అబద్ధమాడది.”

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆగిపోయిన ఫ్రిజ్, దాని ముందు పసిపిల్లలతో వరుసలో కూర్చున్న తల్లులు ఫిర్దోస్ కళ్లముందు మెదిలారు.

“పెట్రోల్ మీద నడుస్తాంది మేడం” అంది. తన మాట తనకే వినబడలేదు. మళ్లీ అంది. “నేనే పోసిన. అబ్బాకు తెల్వది.”

“అట్ల చెప్పు మరి!” కట్టయ్య పకపకా నవ్వాడు. వెనక ఎవరో ‘పొగ సాహెబ్’ అన్నారు.

మేడం ఏదో అనబోయింది. ఈలోపే మీరా సాహెబ్ ఇంజను ఆపి, నీళ్ల బకెట్ ఎత్తి డ్రమ్ములో కుమ్మరించాడు. నిప్పులు బుస్సుమన్నాయి. ఆవిరి తగ్గేవరకు ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు.

“గందుకా ఆగలే” అన్నాడు తనలో తానే.

మేడం కాగితం మీద ఆయన పేరు కొట్టేసింది. 

సామాను మోసుకెళ్లేటప్పుడు కూడా ఆయన కోప్పడలేదు. “నాకన్నా ఒక్క మాట చెప్పకపోతివి బిడ్డా” అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

ట్రాలీ ఆటో ఓంప్రకాశ్ జనరేటరును చూసి ఆగాడు. “చాచా, ట్యాంకుల పెట్రోల్ ఉంటే తీసెయ్యి జర. గతుకుల రోడ్డు, ఒలుకుతది.”

“రెండు గంటలు నడిచె. ఇంకేడిది? చుక్క కూడ ఉండది” అన్నాడు మీరా సాహెబ్, కూతురి వైపు చూడకుండా.

“ఎందుకైనా మంచిది, చూద్దాం పా” అంటూ ఓంప్రకాశ్ ఖాళీ లీటరు నీళ్ల బాటిల్ ఫిర్దోస్ చేతికిచ్చాడు.

ఆమె ట్యాంకు మూత తీసి, బాటిల్ మూతికి గరాటు పెట్టి పట్టుకుంది. ఓంప్రకాశ్ జనరేటరును మెల్లగా వంచాడు.

బాటిల్ మెడదాకా నిండింది.