అడుగంటిన డబ్బా

పది నెలల పాప బరువు ఈ నెల కూడా పెరగలేదు.

పెరగనిది పక్కింటి పాప అయితే నర్సు నాలుగు మంచి మాటలు చెప్పి పంపేసేది. కానీ ఇది సొంత కూతురాయె! రోజూ ఆసుపత్రిలో తల్లులందరినీ కూర్చోబెట్టి, "రాగులు మొలకెత్తించండి, గోధుమలు, పెసరపప్పు దోరగా వేయించండి, ఖర్జూరం పొడి కలపండి" అని పాఠాలు చెప్పే మనిషి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టయింది ఆమె పని.

"నీ బిడ్డకి నువ్వు పెట్టవా అమ్మా, అని పెద్ద నర్సు అందరి ముందూ అడిగింది. తలెక్కడ పెట్టుకోను?" అంది, కుట్టుమిషను ముందున్న మొగుడితో.

దర్జీ తలెత్తలేదు. ముందు గదే అతని కొట్టు, వెనక గది వంటిల్లు. భార్య డ్యూటీకి వెళితే పాపని చూసుకునేది అతని తల్లి.

నర్సు వంటింట్లోంచి పాప జావపిండి డబ్బా తెచ్చి ఠపీమని బల్ల మీద పెట్టింది. "ఆదివారం నిండుగా పోశాను. ఇవాళ బుధవారం. అప్పుడే అడుగు కనిపిస్తోంది. పాపకి పూటకి రెండు చెంచాలు. మిగతాది ఎవరి పొట్టలోకి పోతోంది, అత్తయ్యా?"

పెద్దావిడ పాపని ఒళ్లో వేసుకుని జోకొడుతోంది. చెయ్యి ఆగింది.

దర్జీకి చెవులు కాలిపోయాయి. ఛీ, ఏం బతుకు! కన్నతల్లిని ఎదురుగానే ఇంత మాట అంటుంటే నోరు పెగలదేం? అడకత్తెరలో పోకచెక్కయిపోయాడు. "అమ్మ అలా చెయ్యదు" అనబోయాడు. అనకుండా సూది అందుకున్నాడు.

"పిండి చాలక జావ నీళ్లలా కాచి పోస్తున్నారు కదూ? చెప్పండి!"

ఆవిడ కొడుకు వంక చూసింది. కొడుకు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. మాయదారి దారం, ఎంతకీ ఎక్కదే!

"నేనే తింటున్నానమ్మా," అంది చివరికి. "కమ్మగా ఉంటోంది. చెయ్యి ఊరుకోదు."

నర్సుకి ఏడుపొచ్చింది. "అడిగితే మీకు వేరే డబ్బా చేసిపెట్టేదాన్ని కదా! పసిదాని నోటికాడిదా, అత్తయ్యా?"

"తప్పే తల్లీ. కొన్నాళ్లు కూతురింట్లో ఉంటాలే. మీ అమ్మని పిలిపించుకో."

మర్నాడు నర్సు తల్లి దిగింది. పిండి మళ్లీ పట్టించారు, డబ్బా మళ్లీ నిండింది. శుక్రవారం పొద్దున్నే ముసలావిడ ప్రయాణం కట్టింది.

దర్జీ సంచి పట్టుకుని వెనకే నడిచాడు. "అమ్మని ఎక్కడికి పంపుతున్నావయ్యా?" అని వీధి చివర గుండీల కొట్టాయన పలకరిస్తే, మొహం తిప్పుకున్నాడు. భూమి చీలితే దూరిపోవాలన్నంత సిగ్గేసింది.

బస్సొచ్చింది.

"అమ్మా..." అన్నాడు.

ఆవిడ సంచి అందుకుని, మెట్టెక్కబోయి ఆగి, కొడుకు మీసం అంచున అంటుకున్న పిండిని బొటనవేలితో తుడుస్తూ నెమ్మదిగా అంది: "ఇకమీదట తిన్నాక మూతి కడుక్కో నాయనా, నింద మొయ్యడానికి నేనుండను కదా."